నీళ్లను తలకిందులు చేసిన సఫూరా

ఎల్లారెడ్డి బజారులోని రోషన్ ఫోటో స్టూడియోలో ఒక్కసారైనా ఫోటో దిగని ఇల్లు ఆ కాలంలో చుట్టుపక్కల లేదు. దిగినవాళ్లందరికీ తెలిసింది ఘనీ సాబు ఒక్కడే. నల్లగుడ్డ కింద తల దూర్చి, "గడ్డం జర పైకి! ఊపిరి బిగబట్టు!" అని కేకలేసే ఆ పెద్దమనిషే ఫోటోలు తీస్తున్నాడనీ, కడుగుతున్నాడనీ, మొఖం మీది మచ్చలు మాయం చేసి అందరినీ అందగాళ్లను చేస్తున్నాడనీ లోకమంతా నమ్మింది. నమ్మితే నమ్మింది, లోకం ఎన్ని నమ్మలేదు గనక! అసలు సంగతి స్టూడియో వెనక చీకటి గదిలో ఉంది. అక్కడ ఎర్రబల్బు కింద, వేళ్ల కొసలు మందునీళ్లకు గోధుమరంగు తిరిగిపోయేదాకా పని చేసేది ఆయన కూతురు సఫూరా.

పదకొండో ఏట ఆటకు దూరింది ఆ గదిలోకి. పద్దెనిమిదో ఏట బాన్సువాడకు కోడలై పోయింది. రెండేళ్లకే భర్త జ్వరంతో చనిపోతే పుట్టింటికి తిరిగొచ్చి, ఇద్దత్ సంతాపపు రోజులు గడవగానే మళ్లీ అదే గదిలోకి పోయి తలుపేసుకుంది. కూతురు ఏడ్చుకునేందుకు పోయిందనుకుని తల్లి జన్నత్ బీ గుమ్మం బయట కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. గంట తర్వాత సఫూరా బయటికొచ్చి, "అమ్మీ, ఈ హైపో మందు పాడైంది. కొత్తది కలపకపోతే బొమ్మలన్నీ పసుపెక్కుతయి" అంది. ఆమె ఏడుపు కూడా అట్లాంటిదే, పనిలోకి ఇంకిపోయేది.

దుబాయి పోయిన మగవాళ్లను ఇక్కడున్న భార్యల పక్కన కూర్చోబెట్టడం ఆమె చేతి పనితనం. అటునుంచి వచ్చిన పాస్‌పోర్టు ఫోటో, ఇక్కడ దిగిన ఆడమనిషి ఫోటో, రెంటినీ ఒక్కటి చేసేది. కత్తెరతో కోసి అంటించే తొండి పని కాదది. ఇద్దరి మొఖాల మీదా వెలుగు ఒకే వైపు నుంచి పడేది, ఇద్దరి నీడలూ ఒకే దిక్కుకు పోయేవి. ఆ ఫోటో చూసి ఒక ముసలమ్మ, "మావోడు ఎప్పుడొచ్చి పోయిండు, నాకు చెప్పలేదేంది?" అని కోడలితో గొడవపెట్టుకుంది కూడా. మెచ్చుకోలు మాత్రం ఘనీ సాబుకే. ఆయన మీసం తిప్పుకుంటూ పుచ్చుకునేవాడు. పాపం చెడ్డవాడేం కాదు, ఆడపిల్ల పేరు బజార్లో నలగకూడదని ఆయన భయం.

ఎనభై ఆరులో ఘనీ సాబు కన్నుమూశాడు. కొడుకు ముక్తార్, సఫూరాకన్నా ఆరేళ్లు చిన్నవాడు, ముందు గదిలో కూర్చున్నాడు. ఆ మరుసటి ఏడే కామారెడ్డిలో కలర్ స్టూడియో వచ్చిపడింది. ఎర్రచీర ఎర్రగా, పచ్చచెట్టు పచ్చగా పడుతుంటే ఇక నలుపూ తెలుపూ ఎవడిక్కావాలి? ఎల్లారెడ్డి పెళ్లిళ్లకు కూడా కామారెడ్డి నుంచి ఫోటోగ్రాఫర్లు రావడం మొదలైంది. ముక్తార్ ఈగలు తోలుకుంటూ రెండు నెలలు కూర్చుని, మూడో నెల షార్జా వీసా సంపాదించాడు. దుకాణాన్ని ఒక చెప్పుల వ్యాపారికి ఇస్తానని మాట కూడా ఇచ్చొచ్చాడు. ఆ సంగతి అన్నం తింటూ, ఉప్పందించమన్నంత మామూలుగా చెప్పాడు.

"మరి చీకటి గది?" అంది సఫూరా.

"గోడ కొట్టేస్తడట. అండ్ల చెప్పుల డబ్బాలు పెట్టుకుంటడు."

"మరి నేను?"

"నీకేంది ఆపా, కుట్టుమిషన్ కొనిస్త. ఇంట్ల కూసోని జాకెట్లు కుట్టుకో. ఇజ్జత్‌గ ఉంటది."

సఫూరాకు అరికాలి మంట నెత్తికెక్కింది. సూదిలో దారం ఎక్కించాలంటేనే ఆమెకు చిరాకు. పన్నెండేళ్లుగా ఊళ్లో ప్రతి గోడ మీదా వేలాడుతున్నది తన పని, ఇప్పుడు ఆ చేతులకు జాకెట్లా? "దుకాణం నాకియ్యి. నేను నడుపుత" అంది.

ముక్తార్ నవ్వాడు. ఎక్కిరింపు కాదు, నిజంగానే నవ్వొచ్చింది అతనికి. "ఆడమనిషి దగ్గర ఫోటో దిగేతందుకు ఎవరొస్తరు ఆపా? అబ్బా పేరు మీద నడిచింది దుకాణం. నీ పేరు ఎవరికి తెలుసు?"

ఆ మాటలో అబద్ధం లేదు, అందుకే అంత గట్టిగా తగిలింది. ఆ రోజు సఫూరా అన్నం సగంలో వదిలేసి లేచింది.

సరిగ్గా ఆ వారమే కామారెడ్డి నుంచి ఒక కబురొచ్చింది. నిజాంసాగర్ చౌరస్తా దగ్గర పంపుసెట్లు అమ్మే అజీముద్దీన్ సేఠ్ కొత్త ఏడాదికి క్యాలెండర్ వేయిస్తున్నాడు. ఆ ఏడు వానలు మొఖం చాటేశాయి, చెరువులు నెర్రెలిచ్చాయి. గోడ మీద నీళ్లు చూసైనా జనానికి గుండె చల్లబడాలని సేఠ్ కోరిక. మనిషి పక్కన నీళ్లు భూమి చీల్చుకుని నెత్తిని దాటి ఎగరాలట, చుక్క చుక్క లెక్కపెట్టేట్టు కనబడాలట. కలర్ స్టూడియో వాళ్లు ఒక పంపు దగ్గరికి పోయి రెండు రీళ్లు ఖర్చుపెట్టి తీసుకొచ్చారు. సేఠ్ ఆ ఫోటో చూసి, "ఇవి నీళ్లా, పీచు మిఠాయా?" అని బల్ల మీద పడేశాడు. ఎనిమిది రోజుల్లో బొమ్మ శివకాశి ప్రెస్సుకు పోవాలి, ఎవరు తెచ్చినా సరే అని చాటించాడు.

"నేను చేస్త" అంది సఫూరా.

"కలర్ కెమెరాతోని కానిది నువ్వెట్ల చేస్తవ్?"

"చేస్తే దుకాణం నాది. చెప్పులాయనకు లేదని చెప్పు. చెయ్యకపోతే నువ్వు తెచ్చిన మిషన్ మీద నోరు మూసుకోని కుడుత. ఒప్పుకుంటవా?"

జన్నత్ బీ కొడుకు వంక చూసింది. ముక్తార్ భుజాలెగరేసి, "ఒప్పుకున్న పో" అన్నాడు. ఎట్లాగూ అయ్యేది కాదని అతని ధీమా.

ఫోటోకు ఎవరు నిలబడాలన్న దగ్గరే మొదటి పేచీ. ముక్తార్ సినిమా తార లెక్క ఉన్న పిల్ల కావాలన్నాడు. సఫూరా బస్టాండు ముందు కూరగాయలమ్మే పోచవ్వను పిలిపించింది. యాభైకి దగ్గర పడిన మనిషి, ముందు పన్ను ఒకటి లేదు, కానీ పోచవ్వ నవ్విందంటే బస్టాండు బస్టాండంతా తిరిగి చూస్తుంది. పైగా ఊరి బయట ఎకరం తోట, దానికొక బావి ఉన్నాయి, నీళ్ల విలువ తెలిసిన మొఖం. ఆ బావి దగ్గరే తీద్దామంటే పొలాలకు కరెంటు రాత్రిపూట తప్ప రావడం లేదు. అందుకని స్టూడియోలోనే నిలబెట్టి, ముక్తార్ చేత చెంబెడు నీళ్లు ఆమె మీద చల్లించింది సఫూరా.

పోచవ్వ కండ్లు గట్టిగా మూసుకుని, మూతి సున్నా చుట్టి, "నీ చెయ్యిరగ! సల్లగున్నయి పిలగా!" అని కెవ్వుమంది. నాలుగుసార్లు చల్లితే నాలుగుసార్లూ అదే కథ. నీళ్లు మొఖం మీద పడుతుంటే కండ్లు తెరిచి హాయిగా నవ్వే మనిషిని దేవుడింకా పుట్టించలేదు.

"ఇగ చాలు. నీళ్లు వేరే, అవ్వ వేరే. రెండు కలిపేది ఫిల్మ్ మీదనే" అంది సఫూరా.

అట్లా కలపాలంటే ఘనీ సాబు పాత చెక్క కెమెరాయే దిక్కు. కొత్త జపాను కెమెరాలు ఒక బొమ్మ తీయగానే ఫిల్మ్‌ను ముందుకు జరిపేస్తాయి, ఒకే ఫిల్మ్ మీద రెండో బొమ్మ తీయనీయవు. పాతదానికి అంత తెలివి లేదు. మూత తీస్తే చూస్తుంది, వేస్తే నిద్రపోతుంది, ఎన్నిసార్లు తీసినా కాదనదు. నల్లటి తెర ముందు మొదట మనిషిని తీసి మూతేయాలి. తర్వాత మనిషి పక్కకు తప్పుకున్నాక, గది చీకటి చేసి, అదే ఫిల్మ్ మీద ఒక్క ఫ్లాష్ మెరుపులో నీళ్లను పట్టాలి. నల్లని చోట ఫిల్మ్‌కు వెలుగు సోకదు గనుక అక్కడ నీళ్లకు జాగా మిగిలే ఉంటుంది. మెరుపు క్షణంలో వెయ్యో వంతు, నీటిచుక్క ఎక్కడిదక్కడ ఆగి కనబడుతుంది. ఇదంతా ఆమెకు ఎవరూ నేర్పలేదు, దుబాయి మొగుళ్లను కూర్చోబెట్టీ కూర్చోబెట్టీ వచ్చిన తెలివి.

అయితే ఇల్లలకగానే పండుగవుతుందా? నల్లతెరకని తనదీ అమ్మీదీ రెండు బురఖాలు విప్పి గోడకు బిగించింది. బొంబాయి సిల్కు, ఫ్లాష్ పడేసరికి గోడంతా నూనె రాసినట్టు నిగనిగలాడింది. "అల్లా, నా బురఖా ఫోటోకెక్కిందా!" అని జన్నత్ బీ చెంపలేసుకుంది. అంతలో బజారులోంచి మేకలు తోలుకుపోతున్న మైసన్న కనబడ్డాడు, భుజాన నల్ల గొంగడి. ఆ ముతక ఉన్ని మీద ఎండ పడినా ఇంకిపోవడమే తప్ప మెరవడం లేదు. సఫూరా కిటికీలోంచే అరిచింది, "మైసన్నా, నీ గొంగడి జరియ్యవా?"

"గొంగడిచ్చి నేనేం కప్పుకోవాలె అమ్మా?"

"నువ్వు గూడ రా! నిచ్చెనెక్కి నీళ్లు పొయ్యాలె."

మైసన్న ఆరడుగుల మనిషి, చేతులు తాటిదూలాలు. మేకలను తమ్ముడికి అప్పజెప్పి వచ్చాడు, ఇంకో రెండు గొంగళ్లు కూడా తెచ్చాడు. తడిసిన గొంగళ్ల కంపుకు ఆ వారమంతా ఇంట్లో అన్నం సహించలేదు. ఉన్ని పోగులు రేగి ఫిల్మ్ మీద తెల్లటి చుక్కలు పడుతుంటే సఫూరా సన్నని కుంచెతో ఒక్కొక్కటే చెరుపుతూ విసుక్కుంది. పోచవ్వ ఊరుకుంటుందా? "గొంగట్ల తినుకుంట ఎంటికలు ఏరుకున్నట్టున్నది బిడ్డా నీ పని!" అని పకపకా నవ్వింది. ఆ నవ్వే కావాలని సఫూరా చప్పున మూత తీసి పట్టేసింది.

తర్వాత నీళ్ల తిప్పలు. మంచినీళ్లు నల్లటి తెర మీద సరిగ్గా కనబడలేదు, అక్కడక్కడ గాజుముక్కల మెరుపు తప్ప. తెల్లగా ఉంటాయని గంజి పోయించింది. గంజి చుక్కలుగా విడివడకుండా తీగలు సాగి, ఫోటోలో పోచవ్వ నెత్తి మీద సేమియా పోసినట్టు పడింది. ముక్తార్ ఆ ప్రింటు పట్టుకుని, "ఖీర్ చేసినవా ఆపా?" అని కడుపు పట్టుకున్నాడు. పాలు పోద్దామంటే ఆ కరువులో పాలు నేలపాలు చేసే పాపం ఎవరు మోస్తారు? సఫూరా వంటింటి గడపలో కూలబడింది. ఎదురుగా జన్నత్ బీ బియ్యం కడిగి, ఆ నీళ్లను పక్కింటి నాగవ్వ బర్రె కోసం కుడితి గోలెంలో పోస్తున్నది. పలచగా, తెల్లగా, చుక్కచుక్కగా జారుతున్నాయి నీళ్లు.

"అమ్మీ, ఆగు!" అని సఫూరా లేచిన ఊపుకు గోలెం పక్కనున్న చెంబు దొర్లిపోయింది. ఆనాటి నుంచి ఆ వీధిలో బియ్యం కడిగిన నీళ్లన్నీ స్టూడియోకే. కిందపడ్డవి గంగాళాల్లో పట్టి మళ్లీ బర్రెకే పోశారు గనుక కరువులో నీళ్లు పారబోస్తున్నారన్న మాట రాలేదు. నాగవ్వ మాత్రం, "నా బర్రె కుడితిల గొంగడి ఎంటికలొస్తున్నయి!" అని రోజూ ఒకసారి వచ్చి తిట్టిపోయేది.

ఐదో రోజుకు చుక్కలు ముత్యాల్లా వచ్చాయి, కానీ నీళ్లు పైనుంచి పడుతున్నాయి. సేఠ్ అడిగింది వాన కాదు, భూమిలోంచి ఎగిరే నీళ్లు. మైసన్న కిందనుంచి బిందెతో పైకి విసిరి చూశాడు. నీళ్లు చెదిరిపోయి సగం ముక్తార్ మీద, సగం ఫ్లాష్ మీద పడ్డాయి. ఫ్లాష్ బుస్సుమని పొగచూరింది. అది ఆరి మళ్లీ వెలిగేసరికి ఒక రోజు పోయింది. ముక్తార్ గొంతు మారింది. "చెప్పులాయన మళ్లీ కబురు పెట్టిండు ఆపా. ఇగ చాలియ్యి. నీకు చేతనైంది చేసినవ్" అన్నాడు. ఆ జాలి సఫూరాకు ఎక్కిరింపుకన్నా చేదుగా అనిపించింది. ఒంటరిగా కెమెరా వెనక్కి పోయి నల్లగుడ్డ కప్పుకుంది, ఆమెకు కన్నీళ్లొస్తే దాచుకునే చోటు అదొక్కటే.

చెక్క కెమెరా వెనక గరుకు అద్దం మీద లోకమంతా తలకిందులుగా కనబడుతుంది. చిన్నప్పటి నుంచి అట్లా చూసీ చూసీ ఆమెకు అది వింతగా తోచడం ఎప్పుడో మానేసింది. ఎదురుగా మైసన్న నిచ్చెన మీద నిలబడి బిందెలో మిగిలిన నీళ్లు ఒలకబోస్తున్నాడు. అద్దం మీద ఆ నీళ్లు కింద సన్నగా మొదలై, పైకి లేస్తూ విచ్చుకుని, చుక్కలు చుక్కలుగా ఆకాశంలోకి ఎగురుతున్నాయి.

సఫూరా మొఖం అద్దానికి ఇంకా దగ్గరగా జరిపింది. ఇన్నేళ్లు కండ్లముందున్నదే! పోసిన నీళ్లు ఎగరాలంటే ఎగరేయనక్కర లేదు, ఫిల్మ్‌ను తలకిందులు చేస్తే చాలు. పోచవ్వను తీసేటప్పుడు ఫిల్మ్ పెట్టెను మామూలుగా దూర్చి, నీళ్లను తీసేటప్పుడు అదే పెట్టెను తలకిందులుగా దూర్చాలి. అప్పుడు కింద పడే నీళ్లు ఫోటోలో పైకి లేస్తాయి. గుడ్డ కిందనుంచే, "మైసన్నా, దిగకు! నిచ్చెన దిగినవంటే ఒట్టే!" అని అరిచింది. మైసన్న బిక్కచచ్చిపోయి నిచ్చెనను కౌగిలించుకున్నాడు.

నీళ్లు పోచవ్వ మొఖం మీదికి రాకుండా ఇరుపక్కలా లేవాలి. అందుకని మైసన్నకు రెండు చేతుల్లో రెండు బిందెలిచ్చి, గరుకు అద్దం మీద పలచని కాగితం పెట్టి, కంటి సుర్మాతో పోచవ్వ ఆకారం గీసుకుంది. ఆ తొందరలో, ఫిల్మ్ తిప్పినప్పుడు కాగితం కూడా తిప్పాలన్నది మరిచింది. మొదటి ఫోటోలో పోచవ్వ ముక్కులోంచి ఊట పుట్టి, చీర కుచ్చిళ్ల మీదుగా పోయింది. పోచవ్వ అది చూసి, "జలుబైనోళ్ల క్యాలెండరా బిడ్డా?" అంది. ఈసారి సఫూరా కూడా ఆగలేక నవ్వింది, ఎందుకంటే తప్పెక్కడుందో ఆమెకు తెలిసిపోయింది.

ఏడో రోజు పొద్దున కాగితం తిప్పి, మళ్లీ తీసింది. చీకటి గదిలో ఎర్రబల్బు కింద ఫోటో కాగితాన్ని మందునీళ్లలో వేసి ట్రేను మెల్లగా ఊపింది. ముందు పోచవ్వ నవ్వు తేలింది, పన్ను లేని సందుతో సహా. ఆ తర్వాత ఆమెకు రెండు పక్కలా నేలలోంచి నీళ్లు లేచాయి. లేచి, నెత్తిని దాటి, కొంగు దాటి విచ్చుకున్నాయి. ఒక్కొక్క చుక్కా గుండ్రంగా, దానిదైన మెరుపుతో గాలిలో నిలిచిపోయింది. వెనకాల నిలబడ్డ ముక్తార్ ట్రే మీదికి వంగి చూశాడు. తర్వాత, "ఆపా, ఇది మనింట్లనే అయిందా?" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే అక్కాతమ్ముళ్లిద్దరూ కామారెడ్డి బస్సెక్కారు. అజీముద్దీన్ సేఠ్ ఫోటో చూసి కుర్చీలోంచి సగం లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. కండ్లద్దాలు తుడుచుకుని చూశాడు. అప్పుడు అనుమానంతో, "ముక్తార్ మియా, ఏ ఫారిన్ పుస్తకంల కోసి అంటించినవ్ చెప్పు? రేపు ఎవడన్న కేసేస్తే పరేషాన్ అయ్యేది నేను" అన్నాడు.

"కాదు సేఠ్ సాబ్, మేమే చేసినం."

"మీరే చేస్తే రేపు నా గోడౌన్‌ల, నా ముందట చెయ్యి. పదింటికి. ప్రెస్సుకు పోయే మనిషి పన్నెండింటికి రైలెక్కుతడు."

తిరుగు బస్సులో ముక్తార్ చెమటలు తుడుచుకుంటూనే ఉన్నాడు. సఫూరాకు భయం వేయలేదని కాదు. ఎల్లారెడ్డిలో ఏడు రోజులు పట్టిన పని పరాయి ఊళ్లో, పరాయి మగవాళ్ల ముందు, రెండు గంటల్లో చేయాలి. ఒక్కటి తప్పితే చీకటి గది చెప్పుల డబ్బాల పాలు.

మరునాడు తొలి బస్సు మీద చెక్క కెమెరా, ట్రేలు, మందు సీసాలు, నిచ్చెన ఎక్కాయి. గొంగళ్లను లోపల పెడతానంటే కండక్టర్ ముక్కు మూసుకుని వాటినీ పైకెక్కించాడు. మైసన్న వాటికి కాపలాగా టాపు మీదే కూర్చున్నాడు. గోడౌన్ దగ్గర అప్పటికే జాతర. కలర్ స్టూడియో ఆయన కూడా చేతులు కట్టుకుని గోడకానుకుని ఉన్నాడు, తమాషా చూద్దామని.

"ఊఁ, మొదలుపెట్టు ముక్తార్ మియా" అన్నాడు సేఠ్.

ముక్తార్ కెమెరా వైపు చూశాడు. ఏ పెట్టె ఎటు తిప్పాలో, ఏ కాగితం ఎప్పుడు తిరగాలో అతనికి తెలియదు. పెట్టె మీద చెయ్యి వేసి, మళ్లీ తీసేశాడు. జనంలో ఎవరో, "ఆడలేక మద్దెల ఓడంటడు, సూడుండ్రి" అన్నారు. నవ్వులు లేచాయి.

"సేఠ్ సాబ్" అంది సఫూరా. బురఖాలోంచి వచ్చిన ఆ గొంతుకు అందరి తలలూ అటు తిరిగాయి. "ముందుగాల మూడు సేర్ల బియ్యం తెప్పియ్యుండ్రి."

"బియ్యమా? ఏమిటికి, పెండ్లి వలీమా భోజనాలా?"

"కడగనీకి. అన్నం మీరు తిందురు గని, కడిగిన నీళ్లు నాకు గావాలె. ఫోటోకు నిలబడేది గూడ మీరే. మీ మొఖం ఏ ఫారిన్ పుస్తకంల లేదు కదా?"

జనం గొల్లున నవ్వారు. సేఠ్ గడ్డం సవరించుకుంటూ, నవ్వాలో కోపం చేయాలో తెలియక, చివరికి గొంగళ్ల తెర ముందు, కొత్త పంపుసెట్టు పక్కన నిలబడ్డాడు. సఫూరా నల్లగుడ్డ కింద తల దూర్చింది. అద్దం మీద సేఠ్ తలకిందులుగా వేలాడాడు. కాగితం మీద సుర్మా గీతలు చకచకా పడ్డాయి. "గడ్డం జర పైకి! ఊపిరి బిగబట్టుండ్రి!" అంది గట్టిగా. కామారెడ్డి బజారులో పెద్ద పెద్దవాళ్లను గడగడలాడించే సేఠ్ బుద్ధిగా గడ్డమెత్తి ఊపిరి బిగబట్టాడు.

తర్వాత గోడౌన్ తలుపులు మూయించి చీకటి చేయించింది. పెట్టె తిప్పింది, కాగితం తిప్పింది, రెండూ తిరిగాయో లేదో వేలితో తడిమి చూసుకుంది. "మైసన్నా, పొయ్యి!" అంది. చీకట్లో నీళ్ల చప్పుడు, ఒక్క మెరుపు, అంతే. తడబాటు లేదు, రెండోసారి లేదు. అదే చీకట్లో ఎర్రబల్బు వెలిగించి ఫిల్మ్ కడిగింది, స్పిరిట్‌లో ముంచి ఫ్యాను కింద ఆరబెట్టింది, ఫోటో కాగితానికి అదిమి వెలుగు చూపించింది. ఆ కాగితాన్ని ట్రేలో వేసేముందు, "సేఠ్ సాబ్, జర దగ్గరికి రాండ్రి" అని పిలిచింది.

తెల్లకాగితం మందునీళ్లలో ఊగుతున్నది. సేఠ్ వంగాడు, ఆయన వెనక పదిమంది వంగారు. ముందు టోపీ తేలింది, తర్వాత గడ్డం, పంపుసెట్టు. "ఏవీ నీళ్లు?" అని కలర్ స్టూడియో ఆయన అననే అన్నాడు. ఆ మాట నోట్లో ఉండగానే పంపుసెట్టుకు అటూ ఇటూ నేల చీల్చుకుని నీళ్లు లేచాయి. సేఠ్ టోపీని దాటి, చుక్కలు చుక్కలుగా విచ్చుకుని నిలిచాయి.

"యా అల్లా!" అన్నాడు అజీముద్దీన్ సేఠ్. ఆయన చెయ్యి తెలియకుండానే టోపీ మీదికి పోయింది, తడిసిందేమోనని. అది చూసి గోడౌన్ దద్దరిల్లింది. హైపోలో ముంచి తీశాక తలుపులు తెరిచారు. ఆ తడి ఫోటో బజారులో చేతులు మారుతుంటే, కలర్ స్టూడియో ఆయన మాత్రం కెమెరా దగ్గరికొచ్చి, "అమ్మా, ఈ పెట్టె తిప్పుడు నాకు జర నేర్పుతవా?" అని అడిగాడు. మనిషి అభిమానస్తుడే. తర్వాతి ఏళ్లలో బిచ్కుంద పహిల్వాన్లూ మాచారెడ్డి పెళ్లికొడుకులూ నీళ్ల ఫోటో కావాలని ఆయన దగ్గరికి పోతే, నేరుగా ఎల్లారెడ్డి బస్సెక్కించేవాడు.

సేఠ్ పోచవ్వ ఫోటోను కాగితంలో చుట్టించి రైలుకు పోయే మనిషి చేతికిచ్చాడు. అప్పుడు ముక్తార్ భుజం తట్టి, "శభాష్! వచ్చే ఏడు క్యాలెండర్ గూడ మీ దుకాణానికే. ఏమంటవ్ ముక్తార్ మియా?" అన్నాడు.

ముక్తార్ ఒక అడుగు వెనక్కి వేశాడు. "నన్నడుగుతరేంది సేఠ్ సాబ్? దుకాణం ఆపాది. ఆమె నడుపుతది. ఆమెనే అడుగుండ్రి" అన్నాడు, అందరికీ వినబడేట్టు.

పన్నెండేళ్లుగా సఫూరా మింగిందంతా ఒక్కసారి పైకొచ్చినట్టయింది. అయినా మాట తొణకనీయలేదు. "చేస్త సేఠ్ సాబ్. కాని బొమ్మ కింద తీసినోళ్ల పేరు అచ్చుగావాలె. ఈసారి నుంచే."

"పడుతది, తప్పకుంట పడుతది." సేఠ్ రైలుకు పోయే మనిషిని ఆపి, జేబులోంచి కలం తీశాడు. కాగితం చుట్టను మోకాలి మీద పెట్టుకుని తలెత్తాడు. "ఏం పేరు రాయాలె?"

ఆమె మొఖం మీది పరదా పైకెత్తి, గోడౌన్ చివర నిలబడ్డ మనిషికి కూడా వినబడేంత గట్టిగా చెప్పింది.

"సఫూరా."